కప్పీలు, తాళ్ళు, బరువులు: తరచుగా అడిగే ప్రశ్నలు

బోరులోంచి మోటారు తీసేటప్పుడు, షెడ్డు మీదికి ఇనుప దూలం ఎక్కించేటప్పుడు, బురదలో దిగబడిన బండిని లాగేటప్పుడు జనం అడిగే ప్రశ్నలు ఎప్పుడూ ఇవే. బలాన్ని న్యూటన్లలో చెప్పాలని తెలుసు. కానీ తాడు పట్టుకున్న చేతికి కిలోలే అర్థమవుతాయి కాబట్టి ఇక్కడ కిలోల్లోనే చెబుతున్నాను. కొక్కేల మీద, కప్పీల మీద ‘కేఎన్’ అని కొట్టి ఉంటే అది కిలోన్యూటన్. ఒక కిలోన్యూటన్ అంటే దాదాపు వంద కిలోల బరువు.

యాంత్రిక లాభం అంటే ఏమిటి?

లేపే బరువుని మీరు పెట్టే బలంతో భాగిస్తే వచ్చే అంకె. 200 కిలోల బరువుని 50 కిలోల బలంతో లేపితే లాభం నాలుగు. దీన్ని 4:1 అని రాస్తారు, ‘ఫోర్ టు వన్’ అంటారు.

బావి గిలక మీద తోడితే చేద తేలిగ్గా వస్తుంది కదా, అక్కడ లాభం ఎంత?

ఏమీ లేదు. పదిహేను కిలోల చేదకి పదిహేను కిలోలూ మీరే లాగాలి. గిలక కిర్రుమంటుంటే ఇంకో కిలోన్నరో రెండు కిలోలో ఎక్కువే లాగాలి.

తేలిక అనిపించడానికి కారణం వేరే ఉంది. గిలక లేకపోతే బావి ఒరమీద వంగి నడుముతో పైకి లాగాలి. గిలక ఉంటే నిటారుగా నిలబడి కిందికి లాగొచ్చు, ఒంటి బరువు కూడా సాయం వస్తుంది. అంటే గిలక మార్చింది లాగే దిక్కుని, బరువుని కాదు. జెండా స్తంభం మీదుండే చిన్న కప్పీ చేసేదీ ఇదే పని.

మరి లాభం ఎక్కడ మొదలవుతుంది?

కప్పీ బరువుతోపాటు కదిలినప్పుడు.

తాడు ఒక కొస పైన దూలానికి కట్టండి. ఆ తాడుని కిందికి తెచ్చి, బరువుకి తగిలించిన కప్పీ గాడిలోంచి పోనిచ్చి, రెండో కొస పట్టుకుని పైకి లాగండి. ఇప్పుడు బరువుని రెండు తాళ్ళు మోస్తున్నాయి. నిండు గంగాళాన్ని ఇద్దరు చెరో చెవి పట్టుకుని మోసినట్టే. ఒక చెవి దూలం పట్టుకుంది, రెండోది మీరు. మీ వాటా సగం.

కప్పీ గాడిలో తాడు స్వేచ్ఛగా జారుతుంది కాబట్టి రెండు పక్కలా ఒకటే టెన్షన్, అంటే తాడులోని లాగుడు బలం, ఉంటుంది. ఇక్కడ చెప్పే లెక్కలన్నిటికీ ఆధారం ఈ ఒక్క విషయమే.

ఎన్ని రెట్లు లాభమో బొమ్మ చూసి ఎలా చెప్పాలి?

కప్పీల్ని లెక్కపెట్టకండి, తాళ్ళని లెక్కపెట్టండి. బరువుతో పాటు కదిలే కప్పీని పట్టుకుని ఉన్న ఒక్కో తాడు ముక్కని నేను పాయ అంటాను. ఒకే తాడు అంతటా తిరుగుతున్నప్పుడు ఎన్ని పాయలుంటే అన్ని రెట్లు. పై కప్పీ మీంచి దిగి మీ చేతికొచ్చే తాడు పాయ కాదు. అది బరువుని మోయదు, దిక్కు మారుస్తుందంతే. చాలామంది తప్పులో కాలేసేది అక్కడే. మొత్తం అయిదు తాళ్ళు కనబడుతున్నాయి కాబట్టి 5:1 అనేస్తారు. అందులో ఒకటి చేతికొచ్చే తాడైతే అది 4:1.

ఇంకో గుర్తు ఉంది. తాడు కట్టేసిన కొస ఎక్కడుందో చూడండి. పైన, కదలని చోట కట్టి ఉంటే లాభం సరిసంఖ్య: రెండు, నాలుగు, ఆరు. కింద బరువుకి కట్టి ఉంటే బేసిసంఖ్య: మూడు, అయిదు, ఏడు. ఒకే తాడుతో కట్టి, లాగే మనిషి బరువుకి విడిగా నిలబడి ఉన్న ఏ అమరికకైనా ఇది సరిపోతుంది. లెక్క తేడా వచ్చిందంటే ఎక్కడో ఒక పాయని మరిచిపోయారన్నమాట.

మిగతా బలం ఎవరు పెడుతున్నారు? ఊరికే వస్తోందా?

దూలం పెడుతోంది, మీరు పొడుగులో కడుతున్నారు. 4:1లో బరువు ఒక అడుగు లేవాలంటే నాలుగు పాయలూ ఒక్కో అడుగు పొట్టి కావాలి. అంటే మీరు నాలుగు అడుగుల తాడు లాగాలి. బలం నాలుగో వంతు, దూరం నాలుగు రెట్లు, గుణిస్తే అదే పని. ఇరవై అడుగులు లేపాలంటే ఎనభై అడుగుల తాడు చేతుల్లోంచి పోవాలి. లాభం లెక్క చూసుకుని తాడు పొడుగు చూసుకోకుండా మొదలుపెట్టి, బరువు సగంలో వేలాడుతుండగా తాడు అయిపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి.

పుస్తకంలో నాలుగు రెట్లు అని ఉంది. నా చేతికి రెండు రెట్లు కూడా తెలియడం లేదు. ఎందుకు?

ఘర్షణ. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

ఏ కప్పీ కూడా తాడు టెన్షన్‌ని పూర్తిగా అవతలి పక్కకి పంపదు. ఇరుసు దగ్గర కొంత పోతుంది, తాడు వంగి మళ్ళీ సాగడంలో కొంత పోతుంది. మంచి బేరింగు కప్పీ నూటికి తొంభై, తొంభై అయిదు దాకా పంపుతుంది. తుప్పు పట్టి, గ్రీజు ఎరగని కప్పీ డెబ్భై అయిదు పంపితే గొప్ప. కప్పీ లేకుండా తాడుని నేరుగా గుండ్రటి ఇనుప కొక్కెం మీంచి లాగితే సగం, మహా అయితే అరవై.

ఇప్పుడు నాలుగు కప్పీల 4:1 తీసుకోండి, రెండు పైన, రెండు కింద. చేత్తో వంద కిలోల బలంతో లాగుతున్నారు. మంచి కప్పీలైతే మొదటి పాయకి 90 చేరుతుంది, రెండో దానికి 81, మూడో దానికి 73, నాలుగో దానికి 66. మొత్తం 310 కిలోలు. నాలుగు రెట్లు అనుకున్నది మూడు రెట్ల పైచిలుకు. ఫరవాలేదు.

డెబ్భై అయిదు శాతం కప్పీలైతే? 75, 56, 42, 32. మొత్తం 205. రెండు రెట్లే. అరవై శాతమైతే 60, 36, 22, 13, మొత్తం 131. నాలుగు కప్పీలు, ఇంత తాడు, ఇంత హడావిడి చేసి ఒక రెట్టు మీద పావు కంటే కొంచెం ఎక్కువ!

ఈ లెక్కలోనే ఇంకో సంగతి దాగి ఉంది. డెబ్భై అయిదు శాతం కప్పీలతో మీరు ఎన్ని పాయలు వేసినా, వంద వేసినా సరే, ఈ రకం అమరికలో లాభం మూడు దాటదు. ప్రతి కొత్త పాయా ముందుదానికంటే తక్కువ మోస్తుంది, చివరి పాయలు అలంకారానికి ఉంటాయి. అరవై శాతమైతే ఒకటిన్నర దగ్గర ఆగిపోతుంది. తొంభై శాతమైతే హద్దు తొమ్మిది. కాబట్టి ఇంకో రెండు కప్పీలు కొనాలా, ఉన్నవాటికి బేరింగులు మార్చాలా అని ఎవరైనా అడిగితే నా జవాబు ఎప్పుడూ బేరింగులే.

కప్పీ సైజు పెద్దదైతే లాభం పెరుగుతుందా?

పెరగదు. సాదా కప్పీలో లాభానికీ చక్రం సైజుకీ సంబంధం లేదు. కానీ పెద్ద చక్రం మీద తాడు తక్కువ వంగుతుంది, ఘర్షణ తగ్గుతుంది, తాడు ఎక్కువ కాలం మన్నుతుంది. మామూలు ఫైబర్ తాడుకి చక్రం అడ్డకొలత తాడు మందానికి కనీసం ఎనిమిది రెట్లు ఉండాలి, స్టీలు వైరు రోపుకి పద్దెనిమిది, ఇరవై రెట్లు. నారతాడు కోసం చేసిన చిన్న కప్పీలో వైరు రోపు వేస్తే నాలుగు రోజుల్లో పోగులు తెగి ముళ్ళు లేస్తాయి.

బోరు మోటారు తీయాలి. ఎంత బరువు ఉంటుంది, ఎన్ని పాయలు వేయాలి?

రెండు వందల అడుగుల లోతు, ఒకటింబావు అంగుళం జీఐ పైపులు అనుకుందాం. మీడియం రకం పైపు ఇరవై అడుగులది దాదాపు 19 కిలోలు ఉంటుంది. పది పైపులు, 190. మోటారు పైనుండే వాల్వు నీళ్ళని కిందికి వదలదు కాబట్టి పైపు నిండా నీళ్ళుంటాయి. మీటరుకి లీటరు చొప్పున అరవై మీటర్లకి 60 కిలోలు. పంపు, మోటారు, కేబులు కలిపి 50 అనుకోండి. మొత్తం 300 కిలోలు.

నిజానికి అంత ఉండదు. బోరులో నీటిమట్టం ఎక్కడిదాకా ఉందో అక్కడిదాకా పైపులోని నీళ్ళ బరువు చేతికి తెలియదు, లోపలా బయటా నీళ్ళే కాబట్టి. వానాకాలంలో తీస్తే తేలిక, మండు వేసవిలో తీస్తే బరువు. ఖర్మకొద్దీ మోటార్లు కాలిపోయేది వేసవిలోనే.

మంచి కప్పీలతో 4:1 వేస్తే 300 కిలోలకి చేతిలో దాదాపు 97 కిలోల లాగుడు. ముగ్గురు సరిపోతారు. కానీ ఒక్కో పైపు పూర్తిగా బయటికి రావాలంటే ఇరవై అడుగులు లేపాలి, ఎనభై అడుగుల తాడు లాగాలి. క్లాంపు బిగించి, పైపు విప్పి, కింది కప్పీని మళ్ళీ దించి, మళ్ళీ ఎనభై అడుగులు. పది పైపులకి ఎనిమిది వందల అడుగులు. అందుకే 2:1 వేసి ఇంకో ముగ్గుర్ని పిలిచి ‘ఐలేసా’ అంటూ లాగడమే చాలాసార్లు తెలివైన పని. పైగా ఒక్కో పైపు వచ్చాక అది మోసిన నీళ్ళతో కలిపి పాతిక కిలోలు తగ్గుతూ వస్తుంది, చివరి పైపులకి అసలు లాభమే అక్కర్లేదు. జాయింటు విప్పగానే ఆ నీళ్ళు మీ మీదే పడతాయి, అది వేరే సంగతి.

మూడు కాళ్ళ స్టాండు ఇరవై అడుగుల కంటే ఎత్తు ఉండాలి, పై కింది కప్పీల పొడుగు, క్లాంపు కూడా కలుపుకుని. కాళ్ళు జారకుండా మూడింటినీ కింద గొలుసుతో కలిపి కట్టాలి.

ట్రాక్టరుతో లాగిస్తే ఇవన్నీ ఎందుకు?

బలం సంగతి తీరుతుంది, ప్రమాదం మొదలవుతుంది. ట్రాక్టరుతో లాగాలంటే తాడు పైనుంచి దిగాక స్టాండు కాలి దగ్గర ఇంకో కప్పీ వేసి అడ్డంగా తిప్పాలి. ఆ కప్పీ కట్టిన కాలిని తాడు ఎంత బలంతో అడ్డంగా ట్రాక్టరు వైపు ఈడుస్తుందో అంతే బలంతో పైకీ లేపుతుంది. 300 కిలోల లాగుడికి కాలి దగ్గర 420 కిలోల ఏటవాలు గుంజుడు. ఆ కాలు నేలలో పాతి లేకపోతే స్టాండు తిరగబడుతుంది. వీలైతే ఆ కప్పీని స్టాండుకి కాకుండా విడిగా పాతిన గుంజకి కట్టండి. ఇక రెండో గొడవ: మోటారు లోపల ఇరుక్కుంటే మనిషి చేతికి వెంటనే తెలుస్తుంది, ట్రాక్టరుకి తెలియదు.

పైన దూలానికి, కొక్కేనికి ఎంత బరువు పడుతుంది?

దాదాపు అందరూ తక్కువ అంచనా వేసే అంకె ఇది. కిందికి లాగే ఏ అమరికలోనైనా పై కొక్కెం మోసేది బరువు మాత్రమే కాదు, బరువు ప్లస్ మీ లాగుడు. పైన చెప్పిన 4:1లో 300కి 97 కలిపితే 397 కిలోలు. ఒకే ఒక్క కప్పీ మీంచి 300 కిలోల్ని లాగితే అటు 300, ఇటు 300, కొక్కెం మీద 600, ఘర్షణ కలిస్తే ఇంకా పైనే. అంటే యాంత్రిక లాభం పెరిగేకొద్దీ పై కొక్కేనికి సుఖం. లాభం లేని ఒంటి కప్పీయే దానికి అన్నిటికంటే బరువు. వినడానికి తలకిందులుగా ఉన్నా లెక్క అదే.

ఇదే సూత్రం మీద ఒక పాత పొడుపు ప్రశ్న ఉంది. గోడకి రంగులేసే మనిషి, 70 కిలోలు, పైన ఒక కప్పీ. తాడు ఒక కొస అతని నడుం పట్టీకి కట్టి, రెండో కొస అతనే పట్టుకుని తనని తాను పైకి లాక్కుంటే ఎంత బలం కావాలి? 35 కిలోలే, ఎందుకంటే అతన్ని రెండు పాయలు మోస్తున్నాయి. పై కొక్కేనికి 70. అదే తాడుని కింద నేల మీదున్న స్నేహితుడికి ఇస్తే? అతను 70 లాగాలి, కొక్కెం మీద 140 పడుతుంది. మనిషి అదే, తాడు అదే, కప్పీ అదే. తాడు కొస ఎవరి చేతిలో ఉందన్నదొక్కటే తేడా.

తాడు నిటారుగా కాకుండా వాలుగా తిరిగితే?

కప్పీ దగ్గర తాడు రెండు పాయల మధ్య కోణాన్ని బట్టి కొక్కెం మీద భారం మారుతుంది. రెండూ పక్కపక్కనే సమాంతరంగా ఉంటే తాడు టెన్షన్‌కి రెండు రెట్లు. మధ్య కోణం 90 డిగ్రీలైతే 1.41 రెట్లు. 120 అయితే సరిగ్గా ఒక రెట్టు. తాడు దాదాపు నేరుగా పోతూ కప్పీని ఊరికే తాకుతుంటే దాని మీద దాదాపు ఏమీ ఉండదు.

ఒకే బరువుని రెండు తాళ్ళతో రెండు చోట్ల కట్టి వేలాడదీసినప్పుడు లెక్క దీనికి అద్దంలో బొమ్మలా ఉంటుంది. తాళ్ళు దగ్గరగా ఉంటే చెరి సగం. మధ్య కోణం 120కి పెరిగితే ఒక్కో తాడూ బరువు మొత్తం మోస్తుంది. 150 అయితే ఒక్కోటి దాదాపు రెండు రెట్లు. బట్టలారేసే తీగ మధ్యలో ఒక్క తడి దుప్పటి వేస్తే చివరన మేకు ఊడి రావడానికి కారణం దుప్పటి బరువు కాదు, ఈ కోణమే. స్లింగు (బరువుకి చుట్టి కొక్కేనికి తగిలించే తాడు) వేసేటప్పుడు మధ్య కోణం 90 దాటకుండా చూసుకోండి, 60 లోపు ఉంటే మరీ మంచిది.

కొండ ఎక్కేవాళ్ళు, రెస్క్యూ వాళ్ళు వాడే జెడ్ రిగ్ ఏమిటి?

ఒకే తాడుతో, రెండు కప్పీలతో వచ్చే 3:1. తాడు దారి జెడ్ అక్షరంలా కనబడుతుంది కాబట్టి ఆ పేరు. బరువు నుంచి వచ్చే తాడు పైన లంగరు (కదలని ఆధారం) దగ్గర కప్పీలోంచి వెనక్కి తిరుగుతుంది. బరువు వైపు తాడు మీదే ప్రుసిక్ ముడితో ఇంకో కప్పీ తగిలిస్తారు. తాడు దాంట్లోంచి తిరిగి మళ్ళీ లాగేవాళ్ళ దగ్గరికి వస్తుంది. ప్రుసిక్ అంటే సన్నటి తాడుతో లావు తాడు చుట్టూ వేసే ముడి. లాగితే బిగుస్తుంది, వదులు చేస్తే జరుగుతుంది. లంగరు దగ్గర ఇలాంటిదే ఇంకోటి వేస్తే లాగేవాళ్ళు చేతులు మార్చుకునేటప్పుడు బరువు వెనక్కి జారదు.

మీ దగ్గర ఒకే ఒక్క మంచి కప్పీ ఉండి, రెండో చోట కారాబినరుతో (తెరిచి మూసే లోహపు కొక్కెంతో) సరిపెట్టుకోవాల్సి వస్తే, ఆ మంచి కప్పీని ఎక్కడ పెట్టాలి? చేతికి దగ్గరగా, అంటే కదిలే చోట. కప్పీ 95 శాతం, కారాబినరు 50 శాతం అనుకుని లెక్కవేస్తే అలా పెట్టినప్పుడు లాభం 2.4 వస్తుంది. తిరగేసి పెడితే రెండు కూడా రాదు. సామాను అదే, ఖర్చు లేదు, చోటు మారిందంతే.

9:1 ఎలా వస్తుంది? తొమ్మిది పాయలు వేయాలా?

అక్కర్లేదు. ఒక 3:1 చివర ఇంకో 3:1 తగిలిస్తే మూడు మూళ్ళు తొమ్మిది. ఒక అమరిక ఇంకో అమరిక తాడుని లాగుతుంటే లాభాలు గుణకారం అవుతాయి, కూడిక కాదు. 2:1 మీద 2:1 వేస్తే నాలుగు, 2:1 మీద 3:1 వేస్తే ఆరు. తక్కువ కప్పీలతో ఎక్కువ లాభం రావాలంటే దారి ఇదే, ఘర్షణా తక్కువే. చిక్కల్లా రెండు అమరికలూ ఒకేసారి మూసుకుపోవు, మాటిమాటికీ ఆపి మళ్ళీ సాగదీసి తగిలించాలి.

చైన్ పుల్లీలో ఒక్క మనిషి టన్ను లేపేస్తాడు. అందులో ఏముంది?

పాత రకంలో ఉన్నది చాలా అందమైన ఉపాయం. పైన ఒకే ఇరుసుకి బిగించిన రెండు చక్రాలు, ఒకటి కొంచెం పెద్దది, ఒకటి కొంచెం చిన్నది. గొలుసు తెగని మాల, దాని కింది మడతలో తిరిగే కప్పీకి బరువు వేలాడుతుంది. చక్రం ఒక చుట్టు తిరిగితే పెద్దది గొలుసుని పైకి లాక్కుంటుంది, చిన్నది దాదాపు అంతే గొలుసుని కిందికి వదులుతుంది. బరువు లేచేది ఆ రెంటి తేడాలో సగం. పెద్ద చక్రానికి 12 గాళ్ళు, చిన్నదానికి 11 ఉంటే లాభం 24 రెట్లు. తేడా ఎంత తక్కువైతే లాభం అంత ఎక్కువ. దీన్ని డిఫరెన్షియల్ పుల్లీ అంటారు. 1850లలో థామస్ వెస్టన్ దీన్ని పనికొచ్చే యంత్రంగా చేశాడు.

ఇందులో ఘర్షణే కాపలా కాస్తుంది. పెట్టిన పనిలో సగానికి పైగా ఘర్షణకే పోయే యంత్రం, చెయ్యి వదిలేసినా తనంతట వెనక్కి తిరగలేదు. అందుకే ఈ పుల్లీలో గొలుసు వదిలేసినా బరువు అక్కడే నిలబడుతుంది. ఇప్పుడు షాపుల్లో దొరికే చైన్ పుల్లీల్లో ఎక్కువగా పళ్ళ చక్రాలుంటాయి, బరువు జారకుండా లోపల విడిగా బ్రేకు ఉంటుంది. ఆ బ్రేకు ప్లేట్లకి నూనె పూసి చెడగొట్టుకునేవాళ్ళున్నారు. గొలుసుకి నూనె వేయండి, బ్రేకు జోలికి పోకండి.

ఏ తాడు వాడాలి?

పన్నెండు మిల్లీమీటర్ల మూడు పురుల తాడు, కొత్తది, నాణ్యమైనది అయితే తెగే బలం మనీలాకి సుమారు ఒక టన్ను, పాలీప్రొపిలీన్‌కి రెండు టన్నులు, నైలాన్‌కి మూడు. కానీ అవి తెగే అంకెలు, వాడే అంకెలు కావు. అందులో పదో వంతుకి మించి వేలాడదీయకపోతే నిద్ర పడుతుంది. ముడి వేస్తే తాడు బలం పావు వంతు నుంచి మూడో వంతు దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పోతుంది. రంగురంగుల పాలీప్రొపిలీన్ తాళ్ళు చవక, నీళ్ళలో తేలతాయి, కానీ ఎండకి పెళుసుబారతాయి. రెండు వేసవులు బయట పడి ఉన్న తాడుని గోటితో గీకితే పొడి రాలుతుంది, దాన్ని గేదెని కట్టడానికి కూడా వాడను. నైలాన్ బలమైనదే గాని సాగుతుంది. సాగిన తాడు తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది. లాగే తాడుకి సూటిగా వెనక ఎవరూ నిలబడకూడదని అనేది అందుకే.

లాభం ఎక్కువైతే ఎప్పుడూ మంచిదేనా?

కాదు. లాభం పెరిగేకొద్దీ చేతికి కబురు అందడం తగ్గుతుంది. ఒంటి కప్పీతో లాగుతుంటే కింద పైపు రాయికి తగిలినా, మోటారు బురదలో ఇరుక్కున్నా ఆ కుదుపు నేరుగా చేతికి వస్తుంది. 24 రెట్ల చైన్ పుల్లీలో గొలుసు మరీ కొంచెం బిగుస్తుంది, అంతే.

మా చేలో ఒకసారి ఇదే అయింది. మోటారు పూడికలో కూరుకుపోయింది. మనుషులతో రెండు పాయల మీద లాగితే కదల్లేదు. చైన్ పుల్లీ తెచ్చి తగిలించాం. గొలుసు హాయిగా వస్తోంది, మేం మోటారు లేస్తోందనే అనుకున్నాం. లేచింది మోటారు కాదు, స్టాండు కాళ్ళు నేలలోకి దిగుతున్నాయి. చివరికి మూడో పైపు కప్లింగు దగ్గర మర ఊడి, మోటారూ ఏడు పైపులూ బోరులోకి పోయాయి. అప్పట్నుంచీ నాకొక అలవాటు. లాగడం మొదలుపెట్టే ముందు పైపు మీద సుద్దముక్కతో గీత గీస్తాను. గొలుసు వస్తున్నా గీత లేవలేదంటే ఆపేస్తాను.

వీటిని ఎవరు కనిపెట్టారు?

మొదట ఎవరన్నది చెప్పలేం గాని, పేరు మాత్రం ఆర్కిమిడీస్‌కి దక్కింది. మనుషులతో, సరుకుతో నిండిన మూడు తెరచాపల ఓడని కప్పీల అమరికతో కూర్చున్నచోటి నుంచే లాగి చూపించాడని ప్లూటార్క్ రాశాడు. ఇంతదాకా చదివాక, ఆ రోజుల కప్పీలతో ఘర్షణ ఎంతుండేదో మీరే ఊహించుకోండి. రోమన్ వాస్తుకారుడు విట్రువియస్ క్రీస్తు పూర్వం మొదటి శతాబ్దంలో మూడు కప్పీల, అయిదు కప్పీల ఎత్తుడు యంత్రాల గురించి వివరంగా రాశాడు.

వీటికి అసలు గిరాకీ తెరచాప ఓడలది. ఒక్క పెద్ద యుద్ధనౌకకే వెయ్యి దాకా కప్పీలు కావాలి. ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ నౌకాశ్రయంలో మార్క్ బ్రూనెల్ ఊహించి, హెన్రీ మాడ్‌స్లే చేసి ఇచ్చిన యంత్రాలు 1808 నాటికి ఏడాదికి 1,30,000 కప్పీలు చేశాయి. అంతకుముందు 110 మంది చేసే పనిని పదిమంది చేశారు. లోహపు యంత్రాలతో ఒకే వస్తువుని వేలల్లో తయారుచేసిన తొలి కర్మాగారాల్లో అదొకటి. చేసిన వస్తువు చెక్క కప్పీ!

లిఫ్టుల్లో, క్రేన్లలో కూడా ఇదేనా?

ఇదే. మెషిన్ రూము లేని అపార్ట్‌మెంటు లిఫ్టుల్లో ఎక్కువగా 2:1 రోపింగు ఉంటుంది. మోటారు మీద భారం సగం, రోపు పరుగు లిఫ్టు కంటే రెట్టింపు. టవర్ క్రేను కొక్కెం దగ్గర చూడండి, రెండు పాయలుంటే వేగం ఎక్కువ, నాలుగుంటే బరువు ఎక్కువ. నాలుగు వేసినప్పుడు కొక్కెం సగం వేగంతో లేస్తుంది.

లేపడం సరే, దించేటప్పుడు?

దించేటప్పుడు ఘర్షణ మీ పక్షం. లేపడానికి 97 కిలోలు కావాల్సిన అమరికలో అదే బరువుని పట్టుకుని దించడానికి సుమారు 57 చాలు. కానీ చేతులు అలసిపోయేది అప్పుడే, ప్రమాదాలూ అప్పుడే.

అందుకని తాడు కొసని నున్నటి గుంజకో, పాతిన ఇనుప పైపుకో చుట్లు తిప్పి వదలండి. చుట్టు పెరిగేకొద్దీ పట్టు కూడికగా కాదు, గుణకారంగా పెరుగుతుంది. ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే ఒక చుట్టుకి ఆరున్నర రెట్లు, రెండు చుట్లకి 43 రెట్లు, మూడింటికి 285 రెట్లు. 300 కిలోల బరువు నేరుగా తాడుకి వేలాడుతున్నా రెండు చుట్ల తర్వాత మీ చేతికి ఏడు కిలోలే తెలుస్తాయి. మూడు చుట్లు వేస్తే దాదాపు ఒక్క కిలోయే, అప్పుడు తాడుని మీరే లోపలికి నెట్టి ఇవ్వాలి. తడి తాడైతే, నైలాన్ అయితే ఈ అంకెలు మారతాయి, కాబట్టి బరువు నేలకి జానెడు ఎత్తులో ఉన్నప్పుడే ఒకసారి పరీక్షించి చూసుకోండి. తాడు చేతికి చుట్టుకోకండి, గుంజకే చుట్టండి.